పత్నియా, పుత్రికయా? : రుద్రమదేవి బంధుత్వ నిర్ణయం – వంశచరిత్ర రచనలో స్త్రీల గుర్తింపు

తెలుగునాట వంశవృక్షం గీయబూనినవారికి తండ్రుల పేర్లు దొరికినంత సులభంగా తల్లుల పేర్లు దొరకవు. దొరికిన పేరు సైతం ఎవరిదో తేల్చుకోవడం మరింత కష్టం. నాయనమ్మ పేరు మనుమరాలికి పెట్టే ఆచారం వల్ల ఒకే ఇంట ఒకే పేరు తరం విడిచి తరంలో మళ్ళీ వినిపిస్తుంది. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది. కొన్ని కుటుంబాలలో అత్తవారు పేరే మార్చి పిలుస్తారు. పత్రాలలో ఆమె ‘ఫలానావారి భార్య’గానో, ‘ఫలానావారి తల్లి’గానో మిగులుతుంది. ఈ స్థితిలో ఒక స్త్రీని మరొక స్త్రీగా, కూతురిని కోడలిగా, మనుమరాలిని నాయనమ్మగా పొరబడడం ఆశ్చర్యకరం కాదు. ఆశ్చర్యకరమైన విషయం మరొకటి ఉంది. ఇటువంటి పొరపాటు సామాన్య కుటుంబాల కాగితాలకు పరిమితం కాలేదు. తొమ్మిది దశాబ్దాల పాలనాకాలంలో వందలాది శాసనాలు వేయించుకొన్న తండ్రీకూతుళ్ళ విషయంలోనే అది జరిగింది. కాకతీయ రుద్రమదేవి గణపతిదేవునికి భార్య అన్న వాదం కొన్ని శతాబ్దాలపాటు కథాగ్రంథాలలోనూ, కొన్ని దశాబ్దాలపాటు ఆధునిక చరిత్ర రచనలోనూ చెల్లుబాటయింది. ఆ పొరపాటు ఎలా పుట్టింది, ఎలా నిలిచింది, ఏ ఆధారాలతో తొలగింది అన్న ప్రశ్నలకు సమాధానం వెతికితే, స్త్రీల గుర్తింపు విషయంలో వంశచరిత్రకారుడు ఏ ఆధారాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో కొంత స్పష్టపడుతుంది.

పొరపాటు పుట్టుక

రుద్రమను గణపతిదేవుని రాణిగా చూపే సంప్రదాయానికి రెండు వేరులున్నాయి. ఒకటి దేశీయం, మరొకటి విదేశీయం. మొదటిది కాకతీయ రాజ్యం అంతరించిన చాలా కాలానికి పుట్టిన కథాగ్రంథాలది. ఏకామ్రనాథుని ‘ప్రతాపరుద్ర చరిత్రము’ వీటిలో ముఖ్యమైనది. తెలుగు వచన రచనా చరిత్రలో ఈ గ్రంథానికి గౌరవస్థానం ఉంది. కాసె సర్వప్ప ద్విపదగా రచించిన ‘సిద్ధేశ్వర చరిత్రము’, కూచిమంచి జగ్గకవి ‘సోమదేవరాజీయము’ ఈ కథాధారనే కొనసాగించాయి. ఈ గ్రంథాల విలువ చారిత్రక వాస్తవంలో లేదు. ఓరుగల్లు పతనమైన తరువాత తెలుగు జనం ఆ రాజ్యాన్ని ఎలా గుర్తుంచుకొన్నారో చెప్పడంలో ఉంది. అయితే వాటిని వంశావళికి ఆధారంగా వాడినవారు ఈ భేదాన్ని పాటించలేదు.

రెండవది మార్కో పోలో యాత్రావృత్తాంతం. అతడు మోటుపల్లి రేవు పేరుతో ఆ దేశాన్ని పేర్కొని, అక్కడి రాజు చనిపోయి నలభై సంవత్సరాలయిందనీ, అప్పటినుండి అతని రాణి రాజ్యం చేస్తున్నదనీ, భర్తమీది ప్రేమవల్ల ఆమె మరొక వివాహం చేసుకోలేదనీ, భర్త పాలించినంత న్యాయంగానే ఆమె పాలించిందనీ రాశాడు. ప్రశంసాపూర్వకమైన ఈ మాటలను తెలుగు పాఠకులు తరచు గర్వంగా ఉదాహరిస్తారు. ఉదాహరించేవారిలో చాలామంది ఆ ప్రశంసలోనే తప్పుడు బంధుత్వం దాగి ఉందని గమనించరు. 1871లో వెలువడిన హెన్రీ యూల్ వ్యాఖ్యానంలో ఈ విదేశీ సాక్ష్యమూ, దేశీయ కథాసంప్రదాయమూ ఒకదానికొకటి బలమిచ్చుకొన్నాయి. వేరువేరు చోట్ల పుట్టిన రెండు సాక్ష్యాలు ఏకీభవిస్తే నిజమయి ఉంటుందన్నది సాధారణంగా మంచి సూత్రమే. ఇక్కడ మాత్రం అది మోసగించింది.

మార్కో పోలో కథనాన్ని కొంచెం ఆగి పరిశీలించాలి. అతడు చైనా నుండి తిరుగు ప్రయాణంలో దక్షిణ భారత తీరాన్ని చేరింది 1290 దశకపు తొలి సంవత్సరాలలో. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం శక సంవత్సరం 1211, అంటే క్రీ.శ. 1289 నవంబరు నాటిది. అందులో పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, శివలోకం చేరిన కాకతి రుద్రమదేవికీ సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యంగా భూదానం చేశాడు. కనుక మార్కో పోలో తీరానికి వచ్చేనాటికి ఆ రాణి జీవించి లేదు. అతడు విన్నది రేవులో వర్తకులు చెప్పుకొనే మాట. నలభై సంవత్సరాల లెక్కా కుదరదు. గణపతిదేవుని పాలన 1262 ప్రాంతంలో ముగిసింది.

అయినా ఆ మాట పూర్తిగా నిరాధారం కాదు. రుద్రమ నిజంగానే విధవ. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వంశానికి చెందిన వీరభద్రుడు. మరణించిన పూర్వ రాజు, విధవ అయిన రాణి అన్న రెండు వాస్తవాలు వర్తకుల నోట కలిసిపోయి, ఆ రాజు ఆ రాణికి భర్త అయినాడు. తండ్రి సింహాసనం కూతురికి వచ్చిందని ఊహించడంకన్నా, భర్త రాజ్యాన్ని భార్య కాపాడిందని ఊహించడం వినేవారికి తేలిక. వంశచరిత్రలో స్త్రీల విషయమై జరిగే పొరపాట్లలో చాలావాటి స్వభావం ఇదే. వాస్తవాలు తప్పు కావు. వాటిని కలిపే బంధుత్వం తప్పు. కలిపే చోట మనసు తనకు అలవాటయిన కథను వాడుకొంటుంది.

శాసనాల మాట, శాసనాల మౌనం

ఈ బంధుత్వాన్ని తేల్చిన ఆధారాలలో మొదట చెప్పవలసింది గుంటూరు సీమలోని మల్కాపురం శాసనం. శక సంవత్సరం 1183, అంటే క్రీ.శ. 1261 నాటిది. గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునికి గణపతిదేవుడు ఇస్తానన్న మందడం గ్రామాన్ని ఆయన కుమార్తె ధారపోసింది. మఠం, విద్యాలయం, ప్రసూతిశాల మొదలైనవాటి నిర్వహణను వివరించే ఈ శాసనం సాంఘిక చరిత్రకారులకు చిరపరిచితమే. వంశచరిత్రకు ముఖ్యమైనది అందులోని బంధుత్వ వాచకం. దాత పుత్రిక, తండ్రి మాటను నెరవేరుస్తున్న పుత్రిక. మఠానికి చెల్లవలసిన ఆస్తిహక్కు ఆ బంధుత్వం మీద ఆధారపడి ఉంది. తప్పు రాస్తే నష్టపోయేది దానగ్రహీత. కావ్యంలోని వర్ణన కన్నా, యాత్రికుని వినికిడి కన్నా ఈ వాక్యానికి ఎక్కువ విలువ ఇవ్వడానికి కారణం శిలపై ఉండడం కాదు, దాని వెనుక ఒక లావాదేవీ ఉండడం.

ఇదే కాలపు ఇతర శాసనాలు మాత్రం సాయపడకపోగా చిక్కులు పెడతాయి. వాటిలో చాలాచోట్ల ఆమె ‘రుద్రదేవ మహారాజు’. పుంలింగ నామం, పుంలింగ బిరుదులు. కాకతీయ వంశంలో ఈ పేరున్నవారిని లెక్కపెడితే పరిశోధకుని ఇబ్బంది అర్థమవుతుంది. 1158 నుండి 1195 వరకు పాలించి వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు గణపతికి పెదతండ్రి. రుద్రమ తరువాత పాలించిన ప్రతాపరుద్రుడు శాసనాలలో కుమార రుద్రదేవుడుగా, రుద్రదేవుడుగా కనిపిస్తాడు. గణపతిదేవుని చెల్లెళ్ళు మైలాంబ, కుందాంబలను పెండ్లాడిన నతవాడి ప్రభువు పేరూ రుద్రుడే. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు సేనాని. పైగా యాదవ రాకుమారుడు ఎల్లణదేవునికి ఇచ్చిన రుద్రమదేవి కూతురి పేరు కూడా రుద్రమే. పేరొక్కటే చూసి, శకసంవత్సరం చూడక, బిరుదులు సరిపోల్చక, దానభూమి ఏ సీమలోనిదో గమనించక శాసనాన్ని ఎవరికో అంటగడితే ఆ తప్పు వంశవృక్షమంతటా పాకుతుంది.

పుంలింగ వాచకాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న విషయంలో రెండు దారులున్నాయి. ఒకటి అది వేషమనుకోవడం: ఆమె స్త్రీ అన్న సంగతి దాచి పురుషునిగా పెంచారనుకోవడం. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ చలనచిత్రం ఈ దారిలో నడిచింది. హైదరాబాద్ కృష్ణానగర్ వంటి చిత్రకార్మికుల పేటలలో రాజవేషమంటే కత్తి, కిరీటం, మీసం. ఆ లోకంలో పురుషనామమున్న స్త్రీకి పురుషవేషం తొడగడం సహజమైన ఆలోచనే. నాటకీయతకు అది బాగా ఒదుగుతుంది. చారిత్రకంగా నిలవదు. 1261లోనే ఒక మఠశాసనం ఆమెను బాహాటంగా గణపతి కూతురని చెబుతుండగా దాచిన రహస్యమేమిటి? రెండవ దారి, రుద్రదేవ మహారాజు అన్నది వ్యక్తి లింగాన్ని చెప్పే మాట కాదనీ, పదవిని చెప్పే మాట అనీ గ్రహించడం. రాజ్యాధికారానికి భాషలో ఉన్నది పుంలింగ వాచకమే. ఆ ఆసనంలో కూర్చున్నవారికి అది వర్తించింది. చందుపట్ల శాసనం ఈ రెండవ అన్వయాన్ని బలపరుస్తుంది. ఆమె మరణానంతరం పుణ్యార్థం వేసిన ఆ శాసనంలో పదవి లేదు, వ్యక్తి ఉంది. అందుకే రుద్రమదేవి అన్న స్త్రీనామం ఉంది.

చందుపట్ల శాసనం మరొక దిద్దుబాటుకూ కారణమయింది. అది వెలుగులోకి రాకముందు ఆమె పాలన 1295 ప్రాంతం దాకా సాగిందన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉండేది. 1289 తరువాతి రుద్రదేవ శాసనాలు ఆమెవి కావు, ప్రతాపరుద్రునివి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి 1978 నాటి ‘ది కాకతీయాస్ ఆఫ్ వరంగల్’ తరువాత ఈ విషయంలో సందేహానికి చోటు లేకపోయింది. కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధంలో ఆమె మరణించి ఉంటుందన్నది మాత్రం సందర్భాన్ని బట్టి చేసిన ఊహ. దానిని శాసన వాక్యంగా చెప్పడం ఈ మధ్య పాఠ్యపుస్తక స్థాయి రచనలలో కనిపిస్తున్నది. ఒక పొరపాటు తొలగించిన శాసనమే మరొక పొరపాటుకు ముడిసరుకు కాగూడదు.

విద్యానాథుని సాక్ష్యం

కావ్యసాక్ష్యాలలో అత్యంత విలువైనది విద్యానాథుని ‘ప్రతాపరుద్ర యశోభూషణము’. అలంకారశాస్త్ర గ్రంథమయిన దీనిలో నాటక లక్షణాలకు ఉదాహరణగా ప్రతాపరుద్రుని మీదనే ఒక నాటకం ఉంది. గణపతి తన కుమార్తెకు పుత్రునిగా వ్యవహారం కల్పించి రుద్రుడని పిలిచాడనీ, ఆమె దైవాజ్ఞతో తన దౌహిత్రుని వారసునిగా స్వీకరించిందనీ ఇందులో ఉంది. శాసనంతో ఈ విషయం ఏకీభవిస్తున్నందున చరిత్రకారులు దీనిని సంతోషంగా స్వీకరించారు. అయితే ఆస్థానకవి మాటను శాసనంతో సరిపోయిందన్న ఒక్క కారణంతో వదిలేయడం విమర్శ కాదు. అతడు ఆ మాట ఎందుకు చెప్పవలసి వచ్చిందన్నది అడగాలి.

గణపతి కూతురు రుద్రమ. రుద్రమ కూతురు ముమ్మడమ్మ. ముమ్మడమ్మకు మహాదేవునివల్ల పుట్టినవాడు ప్రతాపరుద్రుడు. గణపతినుండి ప్రతాపరుద్రునికి అధికారం చేరడానికి వరుసగా రెండు తరాలు స్త్రీలే. ధర్మశాస్త్ర పరిభాషలో దీనికి సమర్థన వెతకడం కవికి అవసరమయింది. మొదటి సంధిలో కూతురిని పుత్రునిగా వ్యవహరించడం, రెండవ సంధిలో దౌహిత్రుని స్వీకరించడం – ఈ రెండు ఉపాయాలతో పితృవంశరేఖ తెగలేదని అతడు నిరూపించాడు. కవి దృష్టి అంతా మనుమని హక్కుమీద ఉంది. అయినా ఆ హక్కును నిలబెట్టడానికే అతడు ఇద్దరు స్త్రీల నిజమైన బంధుత్వాన్ని ఒప్పుకోక తప్పలేదు. మల్కాపురంలో దానం వలె, ఇక్కడ వారసత్వం బంధుత్వ వాచకానికి పూచీ పడుతున్నది.

దీనితో పోలిస్తే ఏకామ్రనాథుని సంప్రదాయం ఏమి చేసిందో తెలుస్తుంది. రుద్రమను గణపతికి భార్యను చేస్తే ప్రతాపరుద్రుడు గణపతికి నేరుగా దౌహిత్రుడవుతాడు. ఒక తరం తగ్గుతుంది. రెండు స్త్రీ సంధులకు బదులు ఒకటే మిగులుతుంది. అపుత్రకుడైన రాజుకు కూతురి కొడుకు వారసుడు కావడం ఏ శ్రోతకూ కొత్త కాదు. తండ్రినుండి కూతురికి, ఆమెనుండి ఆమె కూతురి కొడుక్కి రాజ్యం పోవడం మాత్రం కథగా చెప్పడానికి బరువైనది. విద్యానాథుడు ధర్మశాస్త్రంతో దాటిన ఇబ్బందిని జనకథ బంధుత్వం మార్చి దాటింది. కనుక ఇది కేవలం అజ్ఞానంవల్ల వచ్చిన తప్పు అనడం సరిపోదు. ఆమె ధైర్యసాహసాలను కథ తగ్గించలేదు, పాలనను నిరాకరించలేదు. ఆమె ఏ హక్కుతో పాలించిందో దానిని మాత్రం మార్చింది. పుత్రిక అయితే వారసురాలు. పత్ని అయితే సంరక్షకురాలు. రుద్రమ విషయంలో ఈ తేడాయే అసలు విషయం.

మెట్టినింటి శాసనాలు

స్త్రీల గుర్తింపునకు ఆధారాలు ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు కాకతీయ వంశం మంచి నిదర్శనం. పుట్టింటి ప్రశస్తులలో కూతుళ్ళకు చోటు తక్కువ. వారి పేర్లు మెట్టినింటి శాసనాలలో దొరుకుతాయి. గొప్ప వంశంతో సంబంధం కలుపుకొన్న సామంతకుటుంబానికి ఆ కోడలి తండ్రి ఎవరో చెప్పుకోవడం లాభం. గణపతిదేవుని మరొక కుమార్తె గణపాంబ ధాన్యకటకపు కోట వంశీయుడు బేతరాజును పెండ్లాడింది. భర్త మరణానంతరం ఆయన పేర దేవాలయం కట్టించింది. ఆమె యనమదల శాసనం కాకతీయ వంశక్రమాన్ని చెబుతూ తాను గణపతి కూతురినని స్పష్టం చేస్తుంది. రుద్రమ కూతురు రుయ్యమ్మ ఇందులూరి అన్నయమంత్రి భార్య అన్న విషయం ఇందులూరివారి వంశాన్ని కీర్తించే కొలని గణపతిదేవుని ‘శివయోగసారము’ ద్వారా తెలుస్తుంది. గణపతి రాణులు నారాంబ, పేరాంబలు ఎవరి ఆడపడుచులో తెలిపేది వారి సోదరుడు జాయపసేనాని చేబ్రోలు శాసనం. ‘నృత్తరత్నావళి’ కర్తగా జాయపను ఎరిగిన సాహిత్య విద్యార్థులలో ఎందరికి ఆయన రాజుకు బావమరిది అన్న సంగతి గుర్తుంటుందో చెప్పలేము.

ఈ వరుసలో మకుటాయమానమైనది బయ్యారం చెరువు శాసనం. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ ధర్మకీర్తిసముద్రమనే చెరువు తవ్వించి వేయించినది. మేనకోడలు గణపాంబ ప్రోలరాజుతో మొదలుపెట్టిన వంశక్రమాన్ని మైలాంబ చాలా వెనుకకు తీసుకొనిపోయింది. వెన్న నృపతి మొదలు గుండరాజుల వరుసను, ఎఱ్ఱ నృపతిని, బేతరాజులను చెప్పింది. కాకతీయుల ప్రాచీన పురుషక్రమం ఇంత విపులంగా మరే ప్రసిద్ధ శాసనంలోనూ లేదు. అంటే కాకతీయ పురుషుల వంశవృక్షపు మొదలును కాపాడింది బయటికి వెళ్ళిన ఆడపడుచు. ఆడపిల్ల పుట్టింటి వంశాన్ని గుర్తుంచుకోదన్న లోకాభిప్రాయానికి ఇది రాతిమీది జవాబు. చరిత్ర పుస్తకాలు ఈ శాసనాన్ని వంశమూలం కోసం వాడుకొంటాయి, వేయించినామెను గురించి ఒక వాక్యంతో సరిపెడతాయి.

మైలాంబ విషయంలోనూ జాగ్రత్త అవసరం. హనుమకొండ పద్మాక్షి గుట్టమీద 1117 నాటి శాసనంలో మరొక మైలమ ఉంది. ఆమె రెండవ ప్రోలరాజు మంత్రి బేతన పెర్గడ భార్య, కడలాలయ బసదిని కట్టించిన జైన శ్రావిక. ఇద్దరి నడుమ శతాబ్ద కాలం, మతం, కుటుంబం అన్నీ వేరు. భర్త పేరు బేతన కావడం, ఆ పేరు కాకతీయ రాజులలోనూ ఉండడం వల్ల తొందరపాటు పాఠకునికి ఆమె రాజకుటుంబ స్త్రీగా తోచే ప్రమాదం ఉంది. అలాగే గణపతి తండ్రి మహాదేవుడు, ప్రతాపరుద్రుని తండ్రి మహాదేవుడు వేరు. తల్లుల పేర్లు పక్కన రాసుకొంటే ఈ రెండు మహాదేవులు విడిపోతారు, రాసుకోకపోతే కలిసిపోతారు. స్త్రీల పేర్లు విడిచిన వంశవృక్షంలో పురుషుల గుర్తింపు కూడా చెడుతుందనడానికి ఇంతకన్నా సరళమైన ఉదాహరణ అక్కరలేదు.

ఇంకొక సంగతి. రెండవ ప్రోలుని భార్య ముప్పమాంబ నతవాడి వంశపు ఆడపడుచు. ఆమె మనుమరాండ్రు మైలాంబ, కుందాంబలు అదే నతవాడి ఇంటికి కోడళ్ళయ్యారు. మేనరికపు సమాజంలో ఒకే రెండు వంశాల నడుమ పిల్ల రావడం, పిల్ల పోవడం తరచు జరుగుతుంది. అందువల్ల ‘నతవాడి’ అన్న మాట ఒక స్త్రీకి పుట్టింటిదో మెట్టినింటిదో ఆ మాటను బట్టి తెలియదు. నేటి కుటుంబాలలో నాయనమ్మ ఇంటిపేరే కోడలి పుట్టింటిపేరుగా కనబడి, ఇద్దరినీ ఒక్కరినిగా రాసుకొన్న సందర్భాలకు మూలం ఇదే.

సాహిత్యచరిత్రలో ఇదే చిక్కు

రాజవంశాలను దాటి కవయిత్రుల దగ్గరకు వస్తే ఇంటిపేరు సమస్య మరింత సూటిగా కనిపిస్తుంది. తరిగొండ వెంగమాంబ పేరులోని తరిగొండ ఊరి పేరు. తండ్రి కానాల కృష్ణయ్య, భర్త ఇంజేటి వేంకటాచలపతి. గ్రంథాలయ సూచికలు తరిగొండను ఇంటిపేరుగా నమోదు చేయడం వాడుక సౌకర్యమే కాని, ఆమె బంధువర్గాన్ని వెతికే పరిశోధకుడు ఆ సూచికను నమ్మి తరిగొండవారి కోసం వెతికితే ఎక్కడా దొరకరు. భండారు అచ్చమాంబ (1874–1905), కొమర్రాజు లక్ష్మణరావు తోబుట్టువులని తెలియని తెలుగు అధ్యాపకుడు ఉండడు. ఆ సంగతి ఇంటిపేర్లు చెప్పవు, లక్ష్మణరావు కీర్తి చెబుతుంది. సోదరుడు ప్రసిద్ధుడు కాని రచయిత్రుల పుట్టిళ్ళు ఎన్ని కనుమరుగయ్యాయో ఊహించవచ్చు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేర స్త్రీల చరిత్రలను 1901లో గ్రంథంగా తెచ్చిన అచ్చమాంబ, ఇతర స్త్రీలకు ఆధారాలు సేకరించేటప్పుడు ఎదుర్కొన్నదీ ఈ కొరతనే.

తాళ్ళపాక తిమ్మక్క విషయం పేరు రూపానికి సంబంధించింది. అన్నమాచార్యుని భార్యలలో ఒకరైన తిరుమలమ్మ, ‘సుభద్రా కల్యాణము’ రచించిన తిమ్మక్క ఒక్కరే. తిరుమల, తిమ్మ అన్నవి ఒకే నామానికి గ్రాంథిక, వ్యావహారిక రూపాలు. తిమ్మరుసు, తిమ్మన పేర్లు ఎరిగినవారికి ఇది వివరించనవసరం లేదు. అయినా రెండు పత్రాలలో రెండు రూపాలు కనబడితే ఇద్దరు భార్యలుగా లెక్కవేసే అవకాశం ఉంది. భాషాశాస్త్రం తెలియని వంశచరిత్ర ఎంత ప్రమాదకరమో, వంశచరిత్ర పట్టించుకోని సాహిత్యచరిత్ర అంతే ప్రమాదకరం.

ఇవన్నీ అనుకోక జరిగే పొరపాట్లు. ముద్దుపళని విషయంలో జరిగింది వేరు. తంజావూరు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానానికి చెందిన ఆ కవయిత్రి ‘రాధికా సాంత్వనము’ పీఠికలో తన వంశాన్ని చెప్పుకొంది. తన అవ్వ తంజనాయకి పేరును కవులు తండ్రి తాతల పేర్లు చెప్పుకొనే చోట నిలిపింది. పందొమ్మిదవ శతాబ్దం చివర వచ్చిన ముద్రణలో ఆ పీఠికాభాగం, మరికొన్ని పద్యాలు లేవు. బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి 1910లో సమగ్రంగా ప్రకటించినదాకా, కావ్యం చదివిన పాఠకునికి కవయిత్రి పూర్వికురాండ్రు తెలిసే మార్గం లేదు. ఆ తరువాత జరిగిన రభస, కందుకూరి వీరేశలింగం ఆక్షేపణ, 1911 నాటి ప్రభుత్వ నిషేధం, 1947లో ప్రకాశం పంతులు మంత్రివర్గం దానిని ఎత్తివేయడం – అంతా శృంగారం చుట్టూ నడిచింది. ఆక్షేపించినవారూ, సమర్థించినవారిలో చాలామందీ, ఆ ముద్రణలో తొలగింపబడింది శృంగారం మాత్రమే కాదనీ, తల్లుల వరుస కూడా అనీ పట్టించుకోలేదు. అచ్చువేసిన పండితుడు వంశావళి పద్యాలు అనవసరమని భావించి ఉండవచ్చు. స్త్రీ పేరుతో స్త్రీ పరిచయం చేసుకోవడం ఆయనకు పరిచయంగా తోచకపోయి ఉండవచ్చు. రుద్రమ విషయంలో తప్పు బంధుత్వం చేర్చబడింది. ముద్దుపళని విషయంలో ఉన్న బంధుత్వం తీసివేయబడింది.

నేటి కుటుంబ వంశచరిత్రలో

శాసనాలులేని ఇంట ఈ పద్ధతి ఎలా పనికివస్తుందన్న ప్రశ్న సహజమే. రాజవంశానికి శాసనం చేసిన పని సామాన్య కుటుంబానికి భూమి పత్రం, పసుపుకుంకుమ కింద ఇచ్చిన భూమి కాగితం, గుడికి ఇచ్చిన కానుక మీద చెక్కిన పేరు చేస్తాయి. వీటి వెనుక లావాదేవీ ఉంది కనుక బంధుత్వం విషయంలో వీటికి జ్ఞాపకాలకన్నా ఎక్కువ బలం. తర్పణం విడిచే సంప్రదాయమున్న ఇండ్లలో తల్లి, నాయనమ్మ, ముత్తవ్వల పేర్లు, మాతామహి వర్గం పేర్లు మూడు తరాల వరకు నోటికి వచ్చి ఉంటాయి. వంశవృక్షాల కాగితాలలో లేని స్త్రీల పేర్లు ఈ పితృకర్మ జాబితాలో ఉండడం విచిత్రమే అయినా, పరిశోధకునికి వరం. ఆ పేర్లు వ్యావహారికమో గ్రాంథికమో, పుట్టింటివో అత్తవారు పెట్టినవో వేరుగా అడిగి తెలుసుకోవాలి. మెకంజీ సేకరించిన కైఫీయతులు గ్రామాధికారుల వంశాలను చెబుతాయి కాని ఆడవారి పేర్ల విషయంలో ఏకామ్రనాథుని గ్రంథంతో సమానంగా జాగ్రత్తపడవలసినవే. వారసత్వ వివాదంలో తమ పక్షం నిలబెట్టుకోవడానికి చెప్పిన కథలు వాటిలో చాలా ఉన్నాయి.

హైదరాబాద్‌లో, ముఖ్యంగా అమీర్‌పేట, పంజాగుట్ట, కృష్ణానగర్‌ల వంటి చోట్ల, పల్లెలనుండి వచ్చి స్థిరపడిన రెండు మూడు తరాల కుటుంబాలలో ఇంటిపేరు, గోత్రం భద్రంగా ఉన్నాయి. అమ్మమ్మ ఊరు మాత్రం పోయింది. అడిగితే మేనమామ ఊరు చెబుతారు. అది అమ్మమ్మ మెట్టిన ఊరు, పుట్టిన ఊరు కాదు. ఈ ఒక్క తేడాను పట్టించుకోక గీసిన వంశవృక్షాలలో అమ్మమ్మ తన భర్త ఇంటి ఆడపడుచుగా మారిపోతుంది. గణపతిదేవుని కూతురు ఆయన భార్యగా మారినట్లే, దిశ మాత్రం తిరగబడి.

ఇంకా తేలవలసినవి కాకతీయ వంశంలోనే మిగిలి ఉన్నాయి. గూడూరు శాసనంలోని విరియాల కామసాని అందులో ముఖ్యురాలు. ఎఱ్ఱన భార్య అయిన ఆమె, బాలుడైన గరుడ బేతని పక్షాన చక్రవర్తిని ఆశ్రయించి కాకతి వంశాన్ని నిలబెట్టిందని ఆ శాసనపు తెలుగు పద్యాలు చెబుతున్నాయి. ఆమె బేతనికి ఏమి కావాలన్న విషయంలో పరిశోధకులలో ఏకాభిప్రాయం లేదు. విరియాల వారి వంశశాసనంలో ఒక కోడలికి ఇంత చోటు దొరకడానికి ఆమె భర్త ఇంటి కీర్తి కారణమా, ఆమె పుట్టింటి బంధుత్వం కారణమా అన్నది పద్యాల అన్వయంతో, విరియాల ఇతర శాసనాలతో కలిపి తేల్చవలసిన విషయం. అప్పటిదాకా మేనత్త అనో, అక్క అనో ఆమె పేరు పక్కన రాసుకోకుండా, శాసనం చెప్పిన ‘ఎఱ్ఱన భార్య’ అన్నంతవరకే రాసి, మిగతా గడిని ఖాళీగా ఉంచవలసి ఉంటుంది.